ఖాళీ కడుపున మింగిన మాత్ర

మెడిసిన్ వార్డులో కొత్తగా డాక్టర్లుగా అడుగుపెట్టే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నేను ఎప్పుడు అసిస్టెంటు ప్రొఫెసరునయ్యాను, ఎప్పుడు అసోసియేటునయ్యాను అన్నది ఇందులో ఉండదు. ఆ మెట్లు నాకంటే వెనక చేరినవాళ్ళు నన్ను దాటుకుని ఎక్కారు. వాళ్ళ పేర్లన్నీ గుర్తున్నాయి, ఇక్కడ మాత్రం రాయను. నా వీడ్కోలు సభలో శాలువా కప్పినాయన నన్ను కాన్పుల డాక్టరని పరిచయం చేశాడు. అదీ గుర్తుంది. ఇలాంటివి మనసులో పెట్టుకోవద్దని ఇంట్లోవాళ్ళు చెప్తూనే ఉంటారు. మరిచిపోయే మనిషినైతే రోగులు చెప్పినవి కూడా మరిచిపోయి ఉండేదాన్ని. నాలో ఆ రెండూ ఒకే చోట నిలవ ఉంటాయి.

మా తాత కాలంలోనే అనంతపురం వైపు నుంచి బెంగళూరు వచ్చి స్థిరపడ్డాం. ఇంట్లో మా తెలుగు, వీధిలో కన్నడం, ఆసుపత్రిలో ఇంగ్లీషు. కోస్తా నుంచి వచ్చిన ఒక డాక్టరు, నేను రోగులతో మాట్లాడటం విని, "మేడం, ఇది తెలుగేనా?" అని నలుగురిలో నవ్వాడు. ఈ ఊళ్ళో నాకు నిజమైన కబురు ఏదైనా తెలిసిందంటే ఆ తెలుగులోనే తెలిసింది. ఆ సంగతి చెప్పడానికే ఈ రాత.

పాత మందు, కొత్త మందు

కాలి లోపలి సిరలో రక్తం గడ్డ కడుతుంది. ఆ గడ్డ ఊడి పైకి ప్రయాణం చేసి ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంటే మనిషికి ఊపిరి ఆడదు, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. గుండె లయ తప్పినవాళ్ళలో గడ్డ మెదడుకు పోతే కాలూ చెయ్యీ పడిపోతాయి. గడ్డ కట్టకుండా ఆపడానికి నేను చేరినప్పుడు నోటి ద్వారా ఇచ్చే మందు ప్రధానంగా ఒక్కటే, వార్ఫరిన్. పని బాగానే చేసేది, కానీ చాలా పేచీకోరు మందు. పాలకూర ఎక్కువ తింటే ఒక రకం, జ్వరానికి వేరే మాత్ర వేసుకుంటే ఇంకో రకం. మోతాదు తక్కువైతే గడ్డ, ఎక్కువైతే రక్తస్రావం. అందుకని తరచూ రక్తం తీసి చూడాల్సి వచ్చేది.

ఆ మందు వాడేవాళ్ళు దేవనహళ్ళి లాంటి ఊళ్ళ నుంచి మొదటి బస్సుకు వచ్చి మా గది ముందు కూర్చునేవాళ్ళు. రక్తపరీక్షలో లెక్క తేడాగా వస్తే ఆరా తీయక తప్పదు. ఈ వారం ఏం తిన్నావు, ఎక్కడికి పోయావు, ఇంకేం మాత్రలు మింగావు? అట్లా మాటల్లో మనుమరాలి పెళ్ళీ తెలిసేది, నాటుమందూ తెలిసేది.

తర్వాత కొత్త మాత్రలు వచ్చాయి. మోతాదు స్థిరం, రక్తం తీసే పని లేదు, పాలకూరతో తగువు లేదు. మెదడులో రక్తస్రావం భయం కూడా పాతదానికంటే తక్కువ. నేను వాటి పక్షమే. మూత్రపిండాలు ఎలా ఉన్నాయో చూసి ఇవ్వాలి, గుండెలో లోహపు కవాటం పెట్టుకున్నవాళ్ళకు ఇవ్వకూడదు, వాళ్ళకు ఇప్పటికీ పాత మందే. ఇవన్నీ మీ పుస్తకాల్లో ఉన్నాయి. పుస్తకంలో లేనిది ఒకటుంది. రక్తపరీక్ష పోవడంతో పాటు రోగితో మాట్లాడటమూ పోయింది. చీటీ రాయడం, చేతికివ్వడం, తర్వాతి మనిషిని పిలవడం, అంతే మిగిలింది.

బొమ్మసంద్ర ఫ్యాక్టరీలో పనిచేసే ఒకతను కాలి గడ్డకు ఈ మాత్రలు వాడుతూ, నడుం నొప్పికి మెడికల్ షాపులో నొప్పి మాత్రలు కొనుక్కుని వాటితో పాటే మింగాడు. పేగుల్లో రక్తం కారి, తెల్లకాగితంలా పాలిపోయి వచ్చాడు. బతికాడు. "ఇంకేమన్నా మాత్రలు వాడుతున్నావా?" అని మాలో ఒక్కరూ అడగలేదని అతనే చెప్పాడు. అది ఫిర్యాదుగా కూడా చెప్పలేదు. అతని తరఫున ఆ ఫిర్యాదు నేను రాసి పైకి పంపాను. జవాబు ఇంకా రాలేదు.

నాగరత్నమ్మ

నాగరత్నమ్మది కాటన్‌పేట. దుప్పట్లు, తువ్వాళ్ళ టోకు వ్యాపారం. భర్త పోయాక చాలా ఏళ్ళు అంగట్లో గల్లా ముందు తనే కూర్చుంది. ఇప్పుడు కొడుకు మంజునాథ చూసుకుంటున్నాడు. ఆమెకు మా ఆసుపత్రిలోనే మోకాలి చిప్ప మార్చారు. ఆపరేషన్ తర్వాత ఎడమ కాల్లో గడ్డ కట్టింది. రివరాక్సబాన్ అనే కొత్త మాత్ర మొదలుపెట్టారు. మొదటి మూడు వారాలు రెండు పూటలా, ఆ తర్వాత రోజుకొకటి, రాత్రి భోజనం తర్వాత. కాలి వాపు దిగింది, అందరూ సంతోషించారు.

దీపావళి దాటి కొన్నాళ్ళకు ఆమెను చక్రాల కుర్చీలో తెచ్చారు. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. స్కానులో రెండు ఊపిరితిత్తుల్లోనూ గడ్డలు కనిపించాయి. బీపీ నిలకడగా ఉంది కాబట్టి వార్డులోనే పెట్టి, రక్తం పలచన చేసే ఇంజెక్షన్లు మొదలుపెట్టాం.

మా విభాగాధిపతి పేరు డాక్టర్ శేషాద్రి అనుకోండి. అది ఆయన అసలు పేరు కాదు. తెలివైన మనిషి, హస్తవాసి గొప్పది, ఎదుటివాళ్ళ మాట పూర్తిగా వినే ఓపిక మాత్రం లేదు. రౌండ్స్‌లో ఆమె మంచం దగ్గర నిలబడి, "మాత్రలు సరిగ్గా వేసుకున్నారా?" అని అడిగాడు.

"వేసుకున్నా సామీ."

"ఒక్కటీ మానలేదు సార్," అని కొడుకు ఖాళీ షీట్లు తీసి చూపించాడు.

"అయితే మందు ఫెయిలయింది. రేపు ఫిల్టర్ పెట్టిద్దాం, తర్వాత నెలల తరబడి ఇంజెక్షన్లే," అని పక్క మంచానికి కదిలాడు.

ఫిల్టర్ అంటే పొట్ట లోపల పెద్ద సిరలో పెట్టే చిన్న లోహపు జల్లెడ. కాలి నుంచి వచ్చే గడ్డను పైకి పోకుండా పట్టుకుంటుంది. రక్తస్రావం వల్ల పలచన మందు అసలు ఇవ్వలేని మనిషికి అది దేవుడిచ్చిన వరం. మందు ఇవ్వగలిగిన మనిషికి అది లేనిపోని తంటా. లోపలే ఉండిపోతే కాళ్ళలో మళ్ళీ గడ్డలకు అదే కారణం కావచ్చు. తర్వాత తీసేద్దామని పెడతారు, తీయడం మరిచిపోతారు.

అందరూ వెళ్ళాక ఆమె నా కొంగు పట్టుకుంది. "కడుపులో ఇనుము పెడ్తారంట గదా డాక్టరమ్మా. మోకాల్లో ఒకటి ఉండాది. ఇంగ నన్ను కాల్చినాక పాతసామాన్లోనికి వేసేయొచ్చు."

నవ్వించాలని అంది. పట్టుకున్న కొంగు మాత్రం వదల్లేదు.

మూత తీయని ప్లేటు

సాయంత్రం మళ్ళీ వార్డుకు వెళితే ఆమె రాత్రి భోజనం మూత తీయకుండా అలాగే ఉంది. కేసు షీటులో 'ఆకలి మందగించింది' అని రాసి ఉంది. కానీ మధ్యాహ్నం చారన్నం రెండోసారి అడిగి పెట్టించుకుందని సిస్టరే చెప్పింది. తెల్లవారకముందే వేడినీళ్ళు కావాలని గొడవ చేస్తోందని కూడా చెప్పింది. పొద్దున నేను చూసినప్పుడు జుట్టు తడిగానే ఉంది. ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే మా ఇళ్ళల్లో పుట్టినవాళ్ళెవరికైనా అర్థమవుతుంది.

మంచం పక్కన కూర్చుని మెల్లగా అడిగాను. "ఒక్కపొద్దు ఉండారా అమ్మా?"

ఆమె తలుపు వైపు చూసింది. కొడుకు బయట ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"కార్తీకం గదా," అంది. "మావోనికి చెప్పొద్దు. ఆపరేషన్ అయినాక ఉండొద్దని ముందే అరిచినాడు. వాడు అంగడి మూసి వచ్చేలోపల తినేసినానని చెప్తా ఉండా."

మావైపు కార్తీకంలో కొందరు పగలంతా ఉండి చుక్కలు చూసి తింటారు. కొందరు మధ్యాహ్నం ఒక్క పూట తిని, పొద్దు గూకాక నీళ్ళు తప్ప ముట్టరు. ఆమెది రెండో పద్ధతి.

"మరి రాత్రి మాత్ర?"

"యాల మానతా? ఒగ దినమూ మానలా. పండుకునే ముందర నీళ్ళతో మింగేది."

"తిన్నాక వేసుకోమని చెప్పలేదా?"

"చెప్పిరి. మీరు అన్ని మాత్రలకూ అదే చెప్తారు గదమ్మా. కడుపు మండకుండా ఉండేదానికి అనుకుంటి. నాకేం మండలా."

పిల్లలూ, ఈ మాట దగ్గర కాసేపు ఆగండి. ఆమె చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. మనం ప్రతి మాత్రకూ 'తిన్న తర్వాత' అని అలవాటుగా చెప్తాం, అలవాటుగానే రాస్తాం. రివరాక్సబాన్ ఆ మోతాదులో తిండితో పాటు పోతేనే సరిగ్గా రక్తంలోకి చేరుతుంది. ఖాళీ కడుపున మింగితే చేరేది బాగా తగ్గుతుంది. ఈ మాత్రకు తిండి అనేది కడుపు కోసం కాదు, మందు కోసం. ఆ తేడా ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె మాత్ర మానలేదు, మొండికేయలేదు. చెప్పినంతవరకు పాటించింది.

"ఎందుకమ్మా ఇంత కష్టపడి దాచడం? ఒక్క ఏడాది మానితే ఏమయ్యేది?" అని అడిగాను.

దుప్పటి అంచు మడత సరిచేసింది. తర్వాత అంది, "మా ఆయప్ప పోయినప్పట్నించీ అంగడి చెప్పినట్ల అంగడికి, ఇల్లు చెప్పినట్ల ఇంటికి. ఇప్పుడు కొడుకు చెప్పినట్ల. ఈ నెల ఒగటీ నేను పెట్టుకునింది. ఎవురూ పెట్టమనలా, ఎవురూ మానమనేదానికి ల్యా."

పంచాంగం

మరునాడు పొద్దున విభాగం సమావేశంలో సంగతంతా చెప్పాను. మందు విఫలం కాలేదు, మందు లోపలికి సరిగ్గా పోలేదు, ఫిల్టర్ అక్కర్లేదు అన్నాను.

డాక్టర్ శేషాద్రి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మేడం, మనం ఇక్కడ వైద్యం చేస్తున్నామా, పంచాంగం చదువుతున్నామా?"

అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళలో ఇద్దరికి గుండెచప్పుడు వినడం నేర్పింది నేనే.

"పంచాంగమే చదువుదాం సార్. అందులో ఉన్నదాన్ని బట్టి మందు పోవడమో పోకపోవడమో జరుగుతోంది కదా," అన్నాను.

"ఖాళీ కడుపున వేసుకున్నా మందు మొత్తం వృథా పోదు. ఇంకో కారణం ఉండొచ్చు. కాన్సర్ ఉందేమో చూశారా?"

ఆ మాట సరైనదే, ఆయనకు ఆ మార్కు ఇవ్వాలి. మందు వాడుతుండగా గడ్డ వస్తే వేరే కారణాలు వెతకాల్సిందే. వెతికాం, ఏమీ దొరకలేదు. ఖాళీ కడుపే ఏకైక కారణమని నేను ఇప్పటికీ ప్రమాణం చేయలేను. కానీ కళ్ళ ముందు కనిపిస్తున్న కారణాన్ని సరిదిద్దకుండా సిరలో లోహం పెట్టడం ఏ పుస్తకంలోనూ లేదు. అది చెప్పబోతుంటే ఆయన లేచి వెళ్ళిపోయాడు. ఫిల్టర్ మధ్యాహ్నానికి ఖాయమైంది.

నాకు కోపం వస్తే గొంతు పెరగదు, కాళ్ళు నడుస్తాయి. నేరుగా ఫిల్టర్లు పెట్టే డాక్టరు గదికి వెళ్ళాను. మైసూరు మనిషి, నెమ్మదస్తుడు. కాఫీ తాగుతున్నాడు. ఎదురుగా కుర్చీలో కూర్చుని, మాట తేలేదాకా లేవనని చెప్పాను.

"నీవు బిడల్ల మేడం, నాకు గొత్తు," అని, నేను వదలనని తెలుసన్నట్టు కన్నడం కలిపి నవ్వాడు. తర్వాత నేను చెప్పింది మొత్తం విన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా వాచీ చూడలేదు. "ఇంజెక్షన్ పడుతోందా? రక్తస్రావం ఏమన్నా ఉందా?"

"పడుతోంది. ఏమీ లేదు."

"మరి నా దగ్గరికి ఎందుకు పంపుతున్నారు?" అని ఫోనందుకున్నాడు. డాక్టర్ శేషాద్రికి నేను చెప్పిన మాటలే చెప్పాడు. ఆయన నోట వినేసరికి అవి శాస్త్రమైపోయాయి. ఫిల్టర్ ఆగింది.

"కేసు మీది. ఏమన్నా అయితే మీదే బాధ్యత," అని నాకు కబురొచ్చింది. కేసు షీటులో నా పేరు ఆ పేజీలో అన్నిటికంటే పెద్దగా రాశాను.

ఏ మాత్ర ఇవ్వాలి

ఆ రివరాక్సబాన్‌నే మధ్యాహ్నం భోజనానికి మార్చొచ్చు కదా అని మీరు అడుగుతారు. మామూలు రోజుల్లో అయితే అదే చేసేదాన్ని. కానీ కొత్త గడ్డ వచ్చింది కనుక మళ్ళీ మూడు వారాలు రెండు పూటలా వేయాలి, రెండు పూటలా తిండితోనే. ఆమె రాత్రి తినదు. తింటానని మనకు చెప్తుంది, కొడుక్కు చెప్తుంది, తినదు. ఆ అబద్ధంలో ఆమె ప్రాణం పోవచ్చు.

కొడుక్కు చెప్పక తప్పలేదు. ముందు ఆమె అనుమతి తీసుకున్నాను. విన్నాక అతను వార్డంతా వినిపించేలా అరిచాడు. "ఎన్నితూర్లు చెప్పినా మా! ఉపాసం గిపాసం అన్నీ బందు పెట్టు ఇంగ! నువ్వు పోతే దేవుడొచ్చి అంగట్లో కూర్చుంటాడా?"

అరుస్తూనే ఏడ్చాడు. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది.

అతన్ని వరండాలోకి తీసుకెళ్ళాను. "నువ్వు అరిస్తే మానదప్పా. దాస్తుంది. ఇప్పటిదాకా చేసింది అదే కదా."

"మరి ఏం చేసేది మేడం? నాకు భయమైతా ఉండాది."

"భయమని ఆమెకు చెప్పు. మానమని చెప్పొద్దు. మాత్ర సంగతి నేను చూసుకుంటా."

ఆమెకు అపిక్సబాన్ మొదలుపెట్టాను. అదీ కొత్త మాత్రల్లో ఒకటే, తిండితో పనిలేదు. రోజుకు రెండుసార్లు తప్పకుండా వేసుకోవాలి, పూట దాటకూడదు. "తెల్లవారి స్నానమైనాక ఒకటి, పొద్దుగూకినాక దీపం పెట్టి ఒకటి," అని చెప్పాను.

"నీళ్ళతోనేనా? ఏమీ తినకుండా?"

"నీళ్ళతోనే."

"పనిచేస్తాదా?"

"చేస్తుంది. ఒట్టు."

ఆ మాటకు వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది, స్నానానికొకటి, దీపానికొకటి.

ఈ రాత రోగులెవరైనా చదివితే ఒక్క మనవి. ఇది చదివి మీ మాత్ర మీరే మార్చుకోవద్దు. ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. కానీ మీరు ఉండే ఒక్కపొద్దులు, వాడే నాటుమందులు, కొనే నొప్పి మాత్రలు మీ డాక్టరుకు చెప్పండి. అరిస్తే డాక్టరును మార్చండి.

ఇంటికి పంపిన రోజు

నాగరత్నమ్మ ఇంటికి వెళ్ళే రోజు డాక్టర్ శేషాద్రి రౌండ్స్‌కు వచ్చాడు. మందు తప్పు అన్న మనిషి ఇప్పుడు ఆమె తప్పు అన్నాడు. "ఉపవాసాలు చేసి మందు చెడగొట్టుకున్నారు. చదువుకున్న కొడుకును పెట్టుకుని ఇదేం పని? ఇంకోసారి ఇలా వస్తే చేర్చుకోం."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొడుకు తల దించుకున్నాడు.

"సార్, ఆమె ఒక్క మాత్ర కూడా మానలేదు. తిండి ఎందుకో మనం చెప్పలేదు. తప్పు మనది," అన్నాను, జూనియర్లందరి ముందూ.

ఆయన నాతో మాట్లాడటం ఆ రోజుతో మానేశాడు. సెమినార్లకు నా పేరు పెట్టలేదు. రౌండ్స్ వేళ మారిస్తే అందరికీ చెప్పి నాకు చెప్పలేదు. అన్నీ గుర్తున్నాయి. పెద్దవాళ్ళకు ఎదురు చెప్పండని మీకు సలహా ఇవ్వను. ఖరీదు ఉంటుంది, నేను కట్టాను. కానీ రోగి ముందు ఆమె తప్పు కానిది ఆమె మీద వేస్తుంటే ఊరుకోకండి. ఎందుకంటే తిట్లు తిన్న రోగి రెండోసారి నిజం చెప్పదు. నిజం చెప్పని రోగికి ఏ మందు ఇచ్చినా చీకట్లో ఇచ్చినట్టే. ఆమెను ఇంటికి పంపాక నా భయమంతా అదే. గడ్డ కరుగుతుంది, ఊపిరి కుదుటపడుతుంది. ఇంకోసారి ఏదైనా తేడా వస్తే మాకు చెప్తుందా?

రెండోసారి వచ్చిన గడ్డ కనుక మాత్ర ఆపలేదు. ఎడమ కాలు సాయంత్రానికి కాస్త బరువెక్కేది, అది పూర్తిగా పోలేదు. మధ్యలో ఎప్పుడు వచ్చినా కొడుకే మాట్లాడేవాడు, ఆమె తల ఊపేది. నాకు తృప్తిగా ఉండేది కాదు.

మళ్ళీ కార్తీకం వచ్చింది. ఒక సాయంత్రం నా ఓపీ అయిపోయే వేళకు ఆమె ఒక్కతే లోపలికి వచ్చింది. కొడుకు బండి పెట్టడానికి ఆగాడట. కూర్చోమనేలోపే మొదలుపెట్టింది.

"ముందే చెప్తా ఉండా డాక్టరమ్మా. ఒక్కపొద్దు ఉండా. మద్దేనం కూడు తిన్యా, మళ్ళా రేపే. మొన్న మా పక్కింటామె మోకాలి నొప్పికి ఏందో మాత్ర ఇచ్చె, ఒగటి మింగితి. మళ్ళా ఇంగోటి ఇచ్చె, నిన్ను అడిగి మింగుదామని ఇట్ల తెచ్చినా. చూడు."

కొంగు ముడి విప్పి, కాగితంలో చుట్టిన మాత్ర నా బల్ల మీద పెట్టింది. నేను ఇంకా ఏమీ అడగలేదు.